ఆదెమ్మ గాంధారం

2013 జూన్‌లో విజయనగరంలో జానపద సంగీత సేకరణ ప్రాజెక్టు ఒకదానిలో పరిశోధన సహాయకుడిగా చేరాను. 2019 మార్చిలో రాజీనామా చేశాను. అప్పటికి నాకు ముప్పై రెండేళ్ళు. ఉద్యోగ జ్ఞాపకాలు రాసేవాళ్ళకి మామూలుగా ముప్పై ఐదేళ్ళ సర్వీసు, మోకాళ్ళ నొప్పులు, మనవలు ఉంటారు. నాకున్నది ఆరేళ్ళ సర్వీసు. మోకాళ్ళు బాగానే పనిచేస్తున్నాయి. అయినా ఈ పత్రిక సంపాదకులు అడిగారు కాబట్టి, నన్ను కూడా రిటైరైనవాడి కిందే జమ కట్టుకుని చదవండి.

మా ప్రాజెక్టులో హోదాల వరస చిన్నది. పైన సమన్వయకర్త. ఆయన గాత్రం చెప్పి పదవీ విరమణ చేసిన ఆచార్యులు. ఆయన కింద నేను. నా కింద రికార్డరు, దాని బ్యాటరీలు. నా పని ఊళ్ళకి వెళ్ళి పాటలు రికార్డు చేసి తెచ్చి, వాటిని స్వరలిపిలో రాయడం. అంటే పాటలో ప్రతి అక్షరం కిందా అది ఏ స్వరంలో పలికిందో సరిగమల్లో నమోదు చేయడం. ఒక రకంగా గుమాస్తా పనే. కాకపోతే గుమాస్తా తప్పు రాస్తే ఎవరో ఒకరు వచ్చి నిలదీస్తారు. మాకా భయం లేదు.

మా నాన్నకి గజపతినగరంలో కిరాణా కొట్టు. నేను గాత్రంలో డిప్లొమా చేస్తానంటే ఆయన అడ్డు చెప్పలేదు. ఉద్యోగం వచ్చిందని చెప్పినప్పుడు మాత్రం బెల్లం తూస్తూ అడిగాడు.

"ఆళ్ళ పాటలు ఆళ్ళకొచ్చు గదరా. మరి నువ్వు రాసీదేటి?"

అప్పుడు నవ్వాను. మంచి ప్రశ్న అని తెలియడానికి కొన్నేళ్ళు పట్టింది.

చేరిన ఏడాది చివర్లో ఆదెమ్మ పాట రికార్డు చేసే పని పడింది. గజపతినగరం దాటాక రాయగడ రోడ్డు మీద బస్సు దిగి మూడు కిలోమీటర్లు నడిస్తే ఆవిడ ఊరు. యాభై దాటిన మనిషి, పొడగరి. జముకుల కథ చెబుతుంది. జముకు అంటే చిన్న కుండంత చెక్క డొల్ల. ఒక వైపు తోలు, తోలు నడిమి నుంచి ఒక తీగ. డొల్లని చంకలో ఇరికించి, తీగని ఒక చేత్తో బిగలాగి పట్టుకుని రెండో చేత్తో మీటుతారు. ఎంత లాగితే అంత పైకి పలుకుతుంది. మెట్లు లేవు, గుర్తులు లేవు. కొలత అంతా లాగే చేతిలోనే. ఆదెమ్మకి జముకు వాయించేది ఆవిడ మరిది అప్పన్న.

ఆ ఊరి అమ్మవారి సంబరంలో కథ చెప్పడం ఆ ఇంటి ఆడవాళ్ళ వంతు. ఆదెమ్మకి ముందు వాళ్ళ అత్తగారు చెప్పేది. అమ్మవారు పొలిమేర దాటి ఊళ్ళోకి వచ్చే ఘట్టం పాడాకే ఘటం, అంటే అమ్మవారి పేర పూజ చేసిన కుండ, తలకెత్తుతారు. ఆ ఘట్టం పాటే నేను రాయవలసింది.

మా పద్ధతి ప్రకారం ఒకే పాటని మూడు వేర్వేరు రోజుల్లో రికార్డు చేయాలి. ఒకసారి పలికినది పొరపాటు కావచ్చు, మూడుసార్లూ పలికితే అది పాటలో భాగం. మొదటిసారి ఆదెమ్మ వరి కోతల నుంచి వచ్చి పాడింది. రెండోసారి పొద్దున్నే పాడింది. మూడోసారి జలుబుతో పాడింది. మూడుసార్లూ ఒకే చోట నాకు ఇబ్బంది వచ్చింది. అది గాంధారం, సరిగమలో మూడోది.

చదివేవాళ్ళ కోసం కొంచెం వివరిస్తాను. మన శాస్త్రంలో గాంధారానికి ముఖ్యంగా రెండు స్థానాలు. కింద ఉన్నది సాధారణ గాంధారం, పైన ఉన్నది అంతర గాంధారం. హార్మోనియం మీద పక్కపక్క మెట్లు. ఆదెమ్మ గాంధారం ఈ రెండు మెట్ల మధ్య సందులో ఉంది. సరిగ్గా నడిమిన. అప్పన్న జముకు కూడా అక్కడే పలికింది. ఇద్దరు మనుషులు, ఒక తీగ, మూడు రోజులు, ప్రతిసారీ ఒకే చోట. దీన్ని తప్పు అనరని నాకు అప్పుడే తెలుసు.

అయినా అడిగాను. ఆ ముక్కని అంతర గాంధారంతో పాడి వినిపించి, ఇలాగేనా అన్నాను. ఆదెమ్మ తల అడ్డంగా ఊపింది.

"అలాగ్గాదు బాబూ. అలాగైతే అమ్మోరు నవ్వుతా వచ్చినట్టుంటాది."

సాధారణ గాంధారంతో పాడాను.

"ఓలమ్మ, ఇలాగైతే ఏడుస్తా వచ్చినట్టున్నాది."

"మరి ఎలా వస్తుంది?"

"ఎలాగేటి? వస్తన్నాది, అంతే. నవ్వూ నేదు, ఏడుపూ నేదు. ఆయమ్మ ఊరు ఆయమ్మ సూసుకుంతాది, మనకేటి?"

అప్పన్న తీగ వదులు చేస్తూ, "ఊరుకో ఒదినా, ఆ బాబు ఏ పుస్తకంలో ఉంటే అలాగే పాడతారు. ఆరితో నీకు పోటీ ఏటి?" అన్నాడు.

ఆదెమ్మ చెప్పిన మాటలు నోటుపుస్తకం అంచున రాసుకున్నాను. ఆ అంచు ఇప్పటికీ నా దగ్గరుంది. ఆఫీసు పత్రానికి అంచు లేదు.

ఆఫీసు పత్రం కంప్యూటర్లో ఉండేది. పాట, గాయకురాలు, ఊరు, రాగం, తాళం. రాగం గడి ఖాళీగా వదిలితే పక్కన ఎర్ర చుక్క వెలుగుతుంది, పత్రం ముందుకి కదలదు. స్వరలిపి గడిలో గాంధారానికి రెండే గుర్తులు, మూడోది లేదు. సమన్వయకర్తని అడిగాను. ఆయన రికార్డింగు అర నిమిషం విని, "పల్లె గొంతు కదా, కొంచెం దిగుతుంది. పాడాలనుకున్నది అంతరమే. అంతరం పెట్టెయ్. రాగం హరికాంభోజి అని వేసుకో" అన్నారు.

ఇక్కడ తప్పంతా ఆయన మీదకి తోసెయ్యాలని నాకు చాలా కోరిక. కానీ ఆయన మూడు రికార్డింగులు వినలేదు. ఆ ఊరు వెళ్ళలేదు. ఆదెమ్మ తల అడ్డంగా ఊపడం చూడలేదు. నేను చూశాను. హరికాంభోజి అని టైపు చేసిన వేళ్ళు కూడా నావే. ఎర్ర చుక్క ఆరిపోయింది. టీకి వెళ్ళాను.

2015లో పుస్తకం అచ్చయింది. ఆ ఏడు వార్షికోత్సవానికి ఈ పాటనే తీసుకుని, పన్నెండు మంది గాయకులకి, వయొలిన్లకి, కీబోర్డుకి సరిపడేలా ఒక బృందగానం కూర్చమన్నారు. కూర్చాను. పుస్తకంలో రాసుకున్నది అంతర గాంధారం కాబట్టి కీబోర్డు హాయిగా కుదిరింది. జనం చప్పట్లు కొట్టారు. నాకు శాలువా కప్పారు. అది మే నెల, శాలువా ఉన్ని. సీడీ కూడా వేశారు.

ఆదెమ్మని మర్యాదగా పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టాం. కార్యక్రమం అయ్యాక దగ్గరికి వెళ్ళి ఎలా ఉందని అడిగాను.

"బాగున్నాది బాబూ. అందరూ ఒక్కపాలే నోరు తెరిసినారు. ఎవుల్దీ పాట?"

ఏడాదిపాటు ఈ మాటని జోకుగా చెప్పుకుని తిరిగాను. ఎక్కడ చెప్పినా పేలేది. నేను చెప్పే పద్ధతి అలాంటిది. విన్నవాళ్ళంతా, పాపం పల్లెటూరి మనిషి, వాద్యాల్లో తన పాట పోల్చుకోలేకపోయింది అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

2016లో జానపద కళాకారులకి గుర్తింపు కార్డులు ఇచ్చే పని మా ప్రాజెక్టుకి వచ్చింది. సంబరాల కమిటీలు కార్డు ఉన్న బృందాలనే పిలవాలని ఆపాటికే నిర్ణయమైపోయింది. కార్డు లేకపోతే ఆదెమ్మకి మిగతా ఊళ్ళే కాదు, సొంత ఊరి సంబరం కూడా పోతుంది. ఎంపిక సంఘంలో ముగ్గురం. అధ్యక్షుడు మా సమన్వయకర్త. సభ్యుడిగా ఒక అధికారి. లేఖకుడిగా నేను, అంటే ఇద్దరూ చెప్పిన మార్కులు కాగితం మీద వేసేవాణ్ణి. మార్కులకి నాలుగు గడులు. శ్రుతి, లయ, వేషం, నాలుగోది "ప్రచురిత పాఠానికి అనుగుణ్యత". అంటే పుస్తకంలో ఉన్నట్టు పాడుతున్నారా లేదా అని చూడడం. పుస్తకం రాసింది ఎవరో మీకు తెలుసు.

మధ్యాహ్నం పన్నెండుకి ఆదెమ్మ వంతు వచ్చింది. ఎవరో శ్రుతిపెట్టె మీట నొక్కారు. ఆవిడ దాని వైపు ఒకసారి అనుమానంగా చూసి, అప్పన్న తీగ లాగాక మొదలుపెట్టింది. గొంతు బ్రహ్మాండంగా ఉంది. ఘట్టం దగ్గరికి వచ్చేసరికి గాంధారం దాని చోటికి అది వెళ్ళి నిలబడింది. అధ్యక్షుల కలం ఆగింది. ఆయన నా వైపు వంగి, "ఏమోయ్, పుస్తకంలో అంతరం కదూ? ఈవిడ బాగా దూరంగా ఉందే" అన్నారు.

నేను, "ఆవిడ అక్కడే ఉందండీ. పుస్తకమే దూరం జరిగింది" అన్నాను.

ఇద్దరూ నవ్వారు. అధికారి, "మీవాడు భలే చమత్కారి సార్" అన్నారు. నేనూ నవ్వాను.

గమనించాలి, నేను నిజమే చెప్పాను. కానీ మూడేళ్ళుగా ఆ ఆఫీసులో ప్రతి మాటనీ ఏ గొంతుతో అన్నానో ఆ గొంతుతోనే అన్నాను. వాళ్ళు ప్రతి మాటనీ ఎలా తీసుకున్నారో అలాగే తీసుకున్నారు. "ఆ గడి నేను తప్పు నింపాను సార్" అని మామూలు గొంతుతో అనడానికి రెండు క్షణాలు చాలు. ఆ రెండు క్షణాలూ నవ్వడానికి వాడుకున్నాను. నా కాంట్రాక్టు పొడిగింపు కాగితం ఆ నెల ఆయన బల్ల మీదే ఉందన్న సంగతి కూడా ఇక్కడ రాసి ఉంచడం న్యాయం. నాలుగో గడిలో ఆయన చెప్పిన అంకె నా చేతి రాతతోనే వేశాను.

ఆదెమ్మకి కార్డు రాలేదు. మా సీడీ విని పాట నేర్చుకున్న టౌను బృందం ఒకదానికి వచ్చింది. వాళ్ళు పుస్తకంలో ఉన్నట్టే పాడారు. వాళ్ళని తప్పుపట్టడానికి ఏమీ లేదు.

ఫలితాలు గోడకి అంటించిన రోజు మెట్ల మీద ఆదెమ్మ నన్ను ఆపింది.

"నానేటి తప్పు పాడినాను బాబూ?"

"గాంధారం."

"అదెవులు?"

అమ్మవారు వచ్చే చోట కొంచెం తగ్గిందన్నారని చెప్పాను. అప్పన్న జముకుని ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకున్నాడు.

"మూడు మార్లు ఒచ్చి మిషన్‌లో పట్టుకెల్లినారు గదా బాబూ. అప్పుడు తగ్గనేదేటి?"

బస్సుకి టైమైందన్నాను. నా గది అక్కడికి రెండు వీధుల అవతల. అప్పన్నకి ఆ సంగతి తెలుసు. ఏ బస్సని అడగలేదు.

ఆ ఏడు ఆ ఊరి సంబరానికి టౌను బృందం కీబోర్డుతో వచ్చింది. నేనూ వెళ్ళాను. ఇలాంటి చోట కథల్లో ఆకాశం ఉరుముతుంది, ఘటం బరువెక్కి ఎవరికీ లేవదు. ఇక్కడ ఎండ కాసింది, ఘటం శుభ్రంగా లేచింది. ఆదెమ్మ పసుపునీళ్ళ చెంబు పట్టుకుని మిగతా ఆడవాళ్ళ మధ్య నిలబడి, వంతు వచ్చినప్పుడు ఘటం మోసేవాళ్ళ కాళ్ళ మీద పోసింది. పక్కనున్న, వరసకి అత్తయ్యే ముసలమ్మ ఒకావిడ, "ఏటే ఆదెమ్మా, అమ్మోరు ఈయేడు సినీమాలోంచి దిగొచ్చినట్టున్నాది?" అంది. ఆదెమ్మ, "ఎలాగోలాగ ఒచ్చినాది గదత్తా, ఊరుకో" అంది.

2017లో ఒక ఆదివారం పొద్దున్న ఆదెమ్మ నా గదికి వచ్చింది. చేతిలో మా సీడీ ఉంది. ఇంట్లో పెట్టి వినడానికి ఏమీ లేదు, ఎవరో పెళ్ళివారి మైకుసెట్టులో పెట్టించుకుని విందట.

"ఇది నువ్వే రాసినావు గదా బాబూ. నువ్వే నేర్పు."

నేర్చుకోవలసింది ఏమీ లేదని, నేను పైవాళ్ళతో మాట్లాడతానని అన్నాను.

"నువ్వు మాటాడీసరికి నాను కాటికి పోతాను. నేర్పు."

ఎనిమిది ఆదివారాలు నేర్పాను. ఉద్యోగంలో నేను చేసిన పనులన్నిటిలోనూ పద్ధతి ప్రకారం చేసింది ఇదే. హార్మోనియం మీద అంతర గాంధారం మెట్టు నొక్కి పట్టుకుంటాను, ఆవిడ గొంతు సందులో ఆగుతుంది, నేను వేలు తీయను, ఆవిడ పైకి వస్తుంది. నాతో డిప్లొమా చదివినవాళ్ళలో ఇంత వేగంగా పట్టుకున్నవాళ్ళు లేరు. మూడో ఆదివారం మెట్టు మీద సరిగ్గా నిలబడి, నన్ను చూసి, "అయితే ఆయమ్మని నవ్వుతానే రమ్మంతావు. సరే రమ్మను" అంది.

అప్పన్న ఒక్క ఆదివారమే వచ్చాడు. తీగ ఇంకొంచెం లాగమన్నాను. లాగాడు. పలికేసరికి పాత చోటే. మళ్ళీ లాగాడు. మళ్ళీ అదే. ఆదెమ్మకి కోపం వచ్చింది.

"నాకొచ్చినాది గదరా, నీకేటి?"

"నీకు నోరున్నాది ఒదినా, ఎలాగంటే అలాగ తిరుగుతాది. నా సెయ్యి ఇనదు."

ఆయన అలిగి వెళ్ళిపోలేదు. టీ తాగి, నాకు దణ్ణం పెట్టి మరీ వెళ్ళాడు. ఆ తర్వాత ఇటుకల బట్టీలో పనికి చేరాడని తెలిసింది. జముకుని విరగ్గొట్టడం, ఏట్లో కలపడం లాంటివి చేయలేదు. అటక మీద పెట్టాడు.

రెండో ఎంపికకి ఆదెమ్మ హార్మోనియంతో పాడింది. నాలుగో గడిలో ఆవిడకి ఆ రోజు అందరికంటే ఎక్కువ మార్కులు, కార్డు వచ్చింది. అధ్యక్షులు సంతోషించి, "చూశావా, శిక్షణ ఇస్తే వీళ్ళూ పాడగలరు" అన్నారు. ఈసారి నేను ఏ జోకూ వేయలేదు. వేసి ఉంటే బాగా పేలేది.

2018లో పుస్తకానికి రెండో ముద్రణ తలపెట్టారు. అప్పుడు, ఐదేళ్ళ తర్వాత, మామూలు గొంతుతో ఒక కాగితం రాశాను. ఫలానా పేజీలో గాంధారం స్థానం తప్పు, తప్పు నాది, సవరించాలి అని. సమన్వయకర్త చదివి, కోప్పడకుండా అడిగారు.

"ఆధారం?"

మూడు రికార్డింగులు ఉన్నాయన్నాను. లేవు. పుస్తకం అచ్చయ్యాక హార్డు డిస్కులో చోటు కోసం ముడి రికార్డింగులు తుడిచేయడం మా ఆఫీసు పద్ధతి. తుడిచిన వాటి జాబితా కింద పరిశోధన సహాయకుడు సంతకం చేయాలి. జాబితా తెప్పించి చూపించారు. నా సంతకం అప్పట్లో బాగుండేది.

"పైగా ఆవిడే ఇప్పుడు పుస్తకంలో ఉన్నట్టు పాడుతోంది కదోయ్. ఇంకేం సవరిస్తాం?" అన్నారు.

రికార్డరు పట్టుకుని ఊరికి వెళ్ళాను. పాతలాగ ఒక్కసారి పాడమని ఆదెమ్మని అడిగాను. ఎందుకని అడగలేదు. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. ఘట్టం దగ్గర అంతర గాంధారం మీద నిలబడింది. ఆపి, మళ్ళీ మొదటి నుంచి పాడింది. మళ్ళీ అక్కడే నిలబడింది. మూడోసారికి దించబోయి సాధారణంలోకి జారిపోయింది. నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

"పోనాది బాబూ. అత్త గొంతు సెవిలో ఉండీది. ఇప్పుడు నీ పెట్టె ఉన్నాది."

అక్కడి నుంచి అప్పన్న దగ్గరికి వెళ్ళాను. అప్పుడే బట్టీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. చెప్పింది విని, అటక మీంచి జముకు దించి, తోలు అరచేత్తో రుద్ది, తీగ తగిలించాడు. నేను రికార్డరు తీశాను.

"మిషన్ ఆపీ బాబూ."

ఆపాను. ఆయన చూస్తూ ఉంటే బ్యాటరీలు కూడా తీసి పక్కన పెట్టాను. ఘట్టం ముక్క ఒకసారి వాయించాడు. గాంధారం సరిగ్గా సందులో, నవ్వకుండా, ఏడవకుండా ఉంది. తీగ విప్పేసి నా వైపు చూశాడు.

"ఇన్నావు గదా. ఇప్పుడు రాసుకో, ఏటి రాసుకుంతావో."

జేబులో కలం ఉంది. రాయడానికి గుర్తు లేదు.

మర్నాడు నోటుపుస్తకం అంచున ఉన్న మాటలనే శుభ్రంగా తిరగరాసి ఆఫీసులో ఇచ్చాను. సంగీత పరిభాషలో లేవని తిప్పి పంపారు. మరుసటి మార్చిలో రాజీనామా చేశాను. వీడ్కోలు సభలో నన్ను చమత్కారి అని రెండుసార్లు అన్నారు. రెండో ముద్రణ వచ్చింది. గాంధారానికి మూడో గుర్తు ఎవరూ చేర్చలేదు, రాగం గడిలో హరికాంభోజి అనే ఉంది, కింద నా పేరు ఉంది. ఆ ఊరి సంబరంలో ఆదెమ్మే పాడుతోంది, హార్మోనియంతో. ఘటం ఏటా లేస్తోంది.

ఇప్పుడు మా కొట్లో కూర్చుంటున్నాను. మా నాన్న దగ్గర పాత తక్కెడ ఒకటి ఉంది. ముల్లు నడిమికి ఇటో అటో ఆగితే ఆగినచోటే చదువుతాడు, దగ్గర్లో ఉంది కదా అని నడిమికి నెట్టడు. ఆయన సంగీతం నేర్చుకోలేదు.

వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు అడిగితే నేను చెప్పగలిగేవి రెండే. రెండు మెట్ల మధ్య విన్నదాన్ని రెండు మెట్ల మధ్య విన్నానని రాయాలి, ఎర్ర చుక్క వెలిగితే వెలగనివ్వాలి. తప్పు రాశానని చెప్పవలసి వచ్చినప్పుడు ఎవరూ నవ్వకుండా చెప్పాలి. మొదటిది నాకు ఉద్యోగంలో చేరినప్పుడే తెలుసు.